చ కింద ఇంకో చ

నీళ్ల మోటారు గురించి రాసిన చీటీ ఒకటి చూసి నేను చేతిరాత నేర్చుకోవాలనుకున్నాను. చెబితే నవ్వుతారు గానీ నిజం. తొంభై ఎనిమిదిలో కొండాపూర్‌లో ఒక ఇంటి మేడమీద గది అద్దెకు తీసుకున్నాను. సామాను పట్టుకుని మెట్లెక్కుతుంటే పక్క గోడకు అంటించి ఉంది ఆ చీటీ. ‘నీళ్లు ఉదయం ఆరు నుండి ఏడు వరకే వచ్చును. మోటారు ఆపుట మరువరాదు.’ అంతే సంగతి. కానీ ప్రతి అక్షరం ఒక పక్క నిండుగా ఉబ్బి, ఇంకో పక్క వెంట్రుకంత సన్నబడి ఉంది. ‘మరువరాదు’లో చివరి కొమ్ము లావుగా దిగి, మలుపు తిరిగి, ఎక్కడ ఆగిందో తెలియకుండా ఆగింది. నా రెండు చేతుల్లో రెండు సంచులు, వెనక ఆటో అతని గొణుగుడు. నేను మాత్రం ఆ కొమ్మునే చూస్తూ నిలబడ్డాను.

నా రాత సంగతి చెప్పుకోవడానికి సిగ్గుపడాలి. మాదాపూర్‌లో రాళ్లగుట్టల మధ్య అప్పుడే లేచిన కొత్త భవనాల్లో ఒకదానిలో నా ఉద్యోగం. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండంకెలు ఉంటే వెతికి పట్టుకుని నాలుగు చేయడం పని. రోజంతా కీబోర్డే. అంతకుముందు ఆఫీసుతో కలిపి రెండేళ్లకి చేతిరాత ఎంత పాడైందంటే, తణుకు నుంచి అమ్మ జవాబు రాస్తూ, ‘రెండో పేజీలో ఏం రాశావో ఎవరికీ అంతుపట్టలేదు, మందుల షాపులో చూపిద్దామా అంటున్నారు నాన్నగారు’ అంది. కోపం వచ్చింది. ఆ ఉత్తరం నకలు నా దగ్గర ఉంటే నేనే చదివి చూపించేదాన్ని అనుకున్నాను గానీ, చదవగలిగేదాన్నని ఇప్పుడు నమ్మకంగా చెప్పలేను.

చీటీ రాసింది ఇంటాయనే. మండలాఫీసులో నకళ్లు రాసే గుమాస్తా. ఏ పొలం ఎవరిదో చెప్పే పాత పహాణీలను ముందు పెట్టుకుని, ఒక్క అక్షరం పోకుండా ఎత్తి రాయడం ఆయన పని. జిరాక్సులు వచ్చేశాయి గానీ, నలిగి పసుపెక్కిన కాగితాలు ఆ మిషన్లో నల్లటి మరకలుగా పడేవి. అందుకని ఆయన అవసరం ఆఫీసుకు ఇంకా ఉండేది. యాభై దాటిన మనిషి. పొడుగు, మాట తక్కువ. కొండాపూర్ ఆయన సొంత ఊరు. మా వైపు అలవాటుకొద్దీ ఆయన్ని బాబాయిగారు, ఆయన భార్యను పిన్నిగారు అని పిలిచేదాన్ని. ఇద్దరూ నన్ను బిడ్డా అనేవారు.

వారం రోజులు తటపటాయించి, ఒక ఉదయం మోటారు ఆపాక అడిగాను.

“బాబాయిగారూ, మీలా రాయడం నాకు నేర్పుతారా అండి?”

ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ నావైపు చూశారు. “నీకు కంప్యూటర్ ఉన్నది గద బిడ్డా. ఇగ చేతిరాతెందుకు?”

“ఉన్నా రాయాలని ఉందండి.”

“నాలుగొద్దులు రాస్తవు, ఇడిచిపెడ్తవు.”

ఆ మాట నాకు గుచ్చుకుంది. నేను మొండిదాన్ని. వద్దన్న పని చేయడంలో చిన్నప్పటి నుంచీ పేరున్నదాన్ని. వదిలితే అడగండి అన్నాను. ఆయన నవ్వలేదు, ఒప్పుకున్నట్టూ కనబడలేదు. కానీ ఆ ఆదివారం కోఠీ వెళ్లి, పెన్నులు బాగుచేసే దుకాణంలో నల్లటి పెన్ను ఒకటి నాకోసం తెచ్చారు. చూడటానికి మామూలు పెన్నే. గొప్పంతా పాళీలో ఉంది. బొటనవేలి గోటి మీద పెట్టి కొంచెం అదిమితే దాని రెండు మొనలూ విచ్చుకునేవి, వదిలితే మళ్లీ ఒకటయ్యేవి. మా స్కూల్లో వాడిన పాళీలు కమ్మరి కొలిమిలోంచి వచ్చినట్టు ఉండేవి. ఇలా ఊపిరి పీల్చే పాళీ ఒకటి ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

అక్షరాలు నేర్పుతారనుకున్నాను. రెండు నెలలు అక్షరం ముట్టుకోనివ్వలేదు. తలకట్టు ఒక్కటే. అక్షరం నెత్తిన పెట్టే ఆ చిన్న గీత, చిన్నగా దిగి, పొడుగ్గా పైకి లేచేది. ఆయన చెప్పిన పాఠం మొత్తం ఒక్క వాక్యం.

“దిగేటప్పుడు ఒత్తు, పోయేటప్పుడు ఇడువు.”

మేము నొక్కు అంటాం. ఆయన ఒత్తు అన్నారు. గీతలు గీస్తున్నంతకాలం ఆ తేడా నన్ను ఇబ్బంది పెట్టలేదు.

రోజూ పొద్దున్నే ఏడు నుంచి అరగంట, కింద వరండాలో, ఆయన టీ తాగుతుంటే నేను పక్కన కూర్చుని పేజీలకు పేజీలు తలకట్లు పెట్టేదాన్ని. నాలుగో రోజుకే మొదటి పాళీ పాడుచేశాను. ఒత్తమన్నారు కదా అని ఒత్తాను. రెండు మొనలూ చెరో దిక్కుకు తిరిగి అలాగే ఉండిపోయాయి. ఆయన దాన్ని వెలుతురులో పెట్టి చూశారు.

“వంగుతది గద అని మీద కూసుంటమా బిడ్డా?” అన్నారు అంతే. ఇంకో పాళీ వేయించారు.

ఆఫీసులో వాడేసిన కాగితాలు వెనకవైపు తెల్లగా ఉంటే తెచ్చుకున్నాను. అంచుల వెంట రంధ్రాలుండే పొడవాటి ప్రింటరు కాగితాలు అవి. ఒక గీత గీయగానే సిరా అల్లుకుపోయింది. “ఇది రాసే కాయితం గాదు, తాగే కాయితం” అని ఆయన పక్కన పెట్టేసి, నున్నటి పాత కాగితాలు ఎక్కడినుంచో తెచ్చి ఇచ్చారు. ఒకసారి ఆ కాగితాలను ఆఫీసుకు తీసుకెళ్లి, భోజనాల వేళ కూడా అభ్యాసం చేస్తుంటే మా మేనేజరు చూశారు. పేజీ నిండా రెండొందల తలకట్లు. ఆయన వాటిని రైటు మార్కులనుకుని, ట్యూషన్లు చెబుతున్నావా, ఎవరి పేపర్లు దిద్దుతున్నావ్ అని అడిగారు. అవి ఎవరి జవాబులకూ పెట్టిన మార్కులు కావనీ, ఉత్త మార్కులేననీ చెప్పేసరికి ఆయన చాలా జాలిగా చూసి వెళ్లిపోయారు.

మూడో నెలలో అక్షరాలకు వచ్చాను. ఆయన రాత్రికి ఒక వరుస నమూనా రాసి మెట్ల మీద పెట్టేవారు. నేను మేడమీద ఒక్కదాన్నే చూసి దించేదాన్ని. ఆయన రాస్తుంటే చూడటం మాత్రం వేరే సంగతి. ఆదివారాలు ఇంటికి తెచ్చుకున్న నకళ్లు రాసేవారు. మణికట్టు కదిలేది కాదు, మోచేయి నుంచి చెయ్యంతా కలిసి తిరిగేది. అక్షరం మొదలుపెట్టే ముందు పాళీ గాలిలో ఒక్క క్షణం ఆగేది. ‘ళ’ రాస్తే దాని బొజ్జ ఒక్క దెబ్బలో నిండేది. మూలంలో తప్పుంటే తప్పే రాసేవారు. ఎందుకండి, సరిచేయొచ్చుగా అంటే, “నాకేం హక్కు? ఉన్నది రాయాలె. లేంది రాసుడు నా చేతిల లేదు” అన్నారు. ఇరవై ఎనిమిదేళ్లలో అబద్ధపు నకలు ఒక్కటి రాయలేదని ఊళ్లో చెప్పుకునేవారు. పొలాల ధరలు రోజుకోలా మారుతున్న ఆ రోజుల్లో, అలా చెప్పించుకోవడం చిన్న విషయం కాదు. ఆయన్ని చూస్తే నాకు గౌరవం కాదు, దాదాపు భయం వేసేది.

మేము అలా రాసుకుంటుంటే పిన్నిగారు గడపలో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతూ చూసేవారు. ఒకరోజు ఆయన స్నానానికి వెళ్లాక, నా కాగితం చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పారు.

“ఇరవై ఐదేండ్ల సంది ఈయన రాస్తుంటె చూస్తున్న బిడ్డా. మస్తు రాస్తడు అంటరు అందరు. ఏం రాసిండో నాకు తెల్వదు.”

నా చేతిలో పెన్ను బరువెక్కింది. ఆ జిల్లాలోకెల్లా చక్కటి రాత రాసే మనిషి ఇంట్లో, ఆ రాత చదవలేని మనిషి ఆయన భార్యే.

అప్పటికే ఆవిడ ఊరి బడిలో పెద్దవాళ్లకు నడిచే చదువు తరగతిలో చేరారు. మధ్యాహ్నాలు వారానికి మూడు రోజులు. ముప్పై మంది దాకా ఆడవాళ్లు. ఇంటికొచ్చి రోలు పక్కన నేలమీద సుద్దముక్కతో రాసి, ఎవరైనా వస్తే కాలితో చెరిపేసేవారు. బాబాయిగారు వద్దనలేదు. కానీ నమ్మలేదు. ఒకరోజు ఆవిడ వింటుండగానే నాతో అన్నారు.

“ఆమెకు ఆమె పేరు బొమ్మలెక్క గుర్తున్నది. బస్సు మీద బోర్డు గుర్తు పడ్తం గద, గట్ల. అది చదువుడు గాదు.”

ఎగతాళిగా అనలేదు. నకలుకు, మూలానికి తేడా చెప్పినట్టు చెప్పారు. అందుకే ఇంకా కష్టంగా ఉండింది వినడానికి. పిన్నిగారు చాటలో బియ్యం రెండుసార్లు గట్టిగా ఎగరేశారు.

ఆ సాయంత్రం మేడమీద బట్టలు తీస్తూ ఆవిడ నాతో అన్న మాట నాకు ఇప్పటికీ అలాగే వినబడుతుంది. “నాకు నౌకరీ వద్దు, ఏం వద్దు. మీ బాబాయి ఒక్కసారి, నా పెండ్లాం సదువుతది అని ఒప్పుకోవాలె. గంతే.”

ఒప్పుకుంటారులెండి అన్నాను. నిజం చెప్పాలంటే నాకూ అనుమానమే. ఆవిడ చదవడం నేనెప్పుడూ వినలేదు. పైగా నేను ఆయన శిష్యురాలిని. ఆయన కాదన్నదాన్ని అవునని అనుకోవడానికి నాకు ధైర్యం చాలేది కాదు. అలా అనుకున్నందుకు తర్వాత చాలా సిగ్గుపడ్డాను.

తరగతి పూర్తయింది. చదవడం, రాయడం నేర్చుకున్నారని అందరికీ ఒక పత్రం ఇవ్వాలని తరగతి నడిపే టీచరమ్మ పట్టుబట్టింది. దళసరి అట్ట కాగితం మీద అంతా అచ్చు వేయించి, పేరు చోట ఖాళీ ఉంచింది. ఆ పేర్లు రాయడానికి ఊళ్లో ఇంకెవరు ఉన్నారు? పట్టుకొచ్చి బాబాయిగారి ముందు పెట్టింది. ఆయన మూడు ఉదయాల్లో రాసేశారు. అలాంటి పేర్లు నేను ఎక్కడా చూడలేదు. కూలికి పోయే ఆడవాళ్ల పేర్లు, ఎవరూ ఎప్పుడూ కాగితం మీద పెట్టని పేర్లు, రాజపత్రాల్లో ఉండాల్సినట్టు ఉన్నాయి.

శనివారం ఉదయం నన్ను కిందికి పిలిచారు. పత్రాలన్నీ దొంతరగా ఉన్నాయి. ఒక్కటి ఖాళీ.

“ఇది నువ్వు రాయి.”

ఎవరిదండి అన్నాను. పిన్నిగారిది. ఆవిడ ఆ సమయానికి పాలకోసం వెళ్లారు.

“అది మీరే కదండీ రాయాలి?”

ఆయన కాసేపు పెన్ను మూత తిప్పుతూ ఉన్నారు. “చదువొచ్చిందని రాసున్నది పైన. దాని కింద పేరు నా చేత్తోని ఎట్ల పెట్టాలె? నాకు తెలిసి ఆమె చదివింది లేదు. ఊరందరివి రాసిన. వాళ్ల సంగతి నాకు తెల్వదు, టీచరమ్మ మాట మీద రాసిన. ఇంట్ల మనిషి సంగతి నాకు తెలుసు గద.”

నాకు ఒళ్లు మండింది. ఏమిటండీ ఈ చాదస్తం అందామనుకున్నాను. కానీ ఆయన ముఖం చూస్తే అది చాదస్తంలా కనబడలేదు. ఆయనకు నిజంగానే కష్టంగా ఉంది. తన పెన్ను నాకు ఇచ్చారు. నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా ముట్టుకోనివ్వని పెన్ను. పాళీ నా పాళీకంటే మెత్తన.

ఆయన చేతిలో జాబితా పట్టుకుని, కళ్లజోడు దించుకుని, ఒక్కో అక్షరం చెప్పడం మొదలుపెట్టారు. అప్పటిదాకా ఆయన చెబుతుంటే నేను అక్షరాలు రాసింది లేదు. చూసి దించడమే. మొదటి అక్షరం అయింది. బాగానే వచ్చింది. “చ” అన్నారు. చ వేశాను. చెయ్యి బెదిరి సన్నగా వచ్చింది. ఆయన ఓరకంటితో చూసి, “ఒత్తు” అన్నారు.

నేను ఒత్తు పెట్టాను. చ కింద ఇంకో చ.

పెట్టేటప్పుడు ఒక్క సెకను అనుమానం రాకపోలేదు. ఆ పేరు మా వైపు ఎక్కడ రాసినా ఒక చ తోనే రాస్తారు. కానీ ఇక్కడివాళ్లు గట్టిగా పలుకుతారేమో, ఇలాగే రాస్తారేమో అనుకున్నాను. ఇక్కడి మాటను సరిదిద్దడానికి నేనెవరిని అని పెద్దమనసు చేసుకున్నాను కూడా. అప్పటికే ఆయన “మ, కింద మ ఒత్తు” అంటున్నారు జాబితాలోకి చూస్తూ. అదీ పెట్టాను. సిరా చెదురుతుందేమోనన్న భయంతో వెంటనే అద్దుడు కాగితం వేసి అదిమి, దొంతర అడుగున పెట్టేశాను. నా మొదటి పత్రం. మంచిగ వచ్చిందా అని ఆయన అడిగితే, చాలా బాగా వచ్చిందండీ అన్నాను. ఆ మాట నిజమే. ఆ ఒత్తు నేను రాసినవాటిలోకెల్లా అందమైనది.

ఆదివారం బడి వరండాలో బల్ల వేశారు. చాపల మీద ఆడవాళ్లు, వెనక గోడకానుకుని మగవాళ్లు. టీచరమ్మ ఒక షరతు పెట్టింది. పిలిచినవాళ్లు వచ్చి, పత్రం మీద ఉన్న పేరు పైకి చదివి, అప్పుడు తీసుకోవాలి. ఒక్కొక్కరే వచ్చారు. కొందరు కూడబలుక్కుంటూ, కొందరు పరుగులాగా, కొందరు పత్రం చూడకుండానే పేరు చెప్పేసి వెళ్లారు. చివరికి పిన్నిగారి పేరు పిలిచారు. కొత్త చీర కట్టుకున్నారు. వెనక బాబాయిగారు గోడ వదిలి నిటారుగా నిలబడ్డారు.

ఆవిడ పత్రం రెండు చేతులతో పట్టుకున్నారు. చదవలేదు. చూస్తున్నారు. ఇంకా చూస్తున్నారు. చాపల మీద గుసగుసలు మొదలయ్యాయి. ఎవరో, నీ పేరు చెప్పుటానికి గంతసేపా అన్నారు. బాబాయిగారు తల దించుకున్నారు. అప్పుడు నాకు తెలిసింది, ఆయనా ఆవిడ చదవాలనే కోరుకుంటున్నారని.

పిన్నిగారు గొంతు సవరించుకుని పైకి చదివారు. మొదటి అక్షరం మామూలుగా. చ దగ్గర మాత్రం పళ్లు బిగించి, రెండింతలు చేసి, దబ్బున అన్నారు. ఆవిడ పేరు కాస్తా ఎవరినో తిట్టినట్టు వినబడింది. వరండా అంతా నవ్వింది.

“మంచిగ చదువమ్మా” అంది టీచరమ్మ.

“మంచిగనే సదివిన. గిట్లనే రాసిండ్రు. రాసుడే తప్పు.” ఆవిడ పత్రం బల్లమీద పెట్టి వేలు ఆనించారు. “నా పేరుల ఒక్కటే చ. దాని కింద ఇంకో చ ఎవరు పెట్టిండ్రు?”

నవ్వులు ఆగిపోయాయి. పేరును బొమ్మలా గుర్తుపట్టే మనిషైతే తన పేరు తనకు తెలిసినట్టే చెప్పేసి, పత్రం తీసుకుని వెళ్లిపోయేది. ఆవిడ కాగితం మీద ఉన్నదాన్ని చదివారు. ఉన్న తప్పుతో సహా.

నేను లేచాను. “నేనే పెట్టానండి పిన్నిగారూ. బాబాయిగారు ఒత్తు అంటే...” అని ఆగిపోయాను. బాబాయిగారు అప్పటికే జనాన్ని తప్పించుకుంటూ ముందుకు వచ్చి, కళ్లజోడు పెట్టుకుని పత్రం మీదికి వంగారు. చాలాసేపు చూశారు.

“పాళీ ఒత్తమన్న బిడ్డా” అన్నారు నాతో, మెల్లగా. “నువ్వు ఒత్తు పెట్టినవ్.”

తిడతారనుకున్నాను. ఆయన నావైపు చూడటం లేదు. భార్యవైపు చూస్తున్నారు. ఇరవై ఎనిమిదేళ్లు నకళ్లు రాసిన మనిషి, ఇంట్లో తన పక్కనే జరిగిన తప్పు చూడలేదు. ఆవిడ చూశారు. ఆ సంగతి ఆయన ముఖంలో ఎంత స్పష్టంగా ఉందంటే, నాకు కళ్లు చెమర్చాయి.

మిగిలిన అట్ట కాగితం ఒకటి ఉందని టీచరమ్మ వెతికి తెచ్చింది. దాన్ని నా ముందు పెట్టబోతే ఆయన అడ్డం వచ్చి కుర్చీ లాక్కున్నారు.

“నేను రాస్త.”

జేబులోంచి పెన్ను తీశారు. పాళీ గాలిలో ఎప్పటికంటే ఎక్కువసేపు ఆగింది. తర్వాత చెయ్యి దిగింది. ఆయన రాత ఎన్నోసార్లు చూశాను గానీ ఆరోజు రాసినట్టు ఎప్పుడూ చూడలేదు. సన్నటి గీత ఎక్కడ లావవుతోందో కంటికి ఆనలేదు. చ ఒక్కటే, కింద ఏమీ లేకుండా, నిండుగా కూర్చుంది. ఆ వరండాలో చదువు వచ్చినవాళ్లూ రానివాళ్లూ కూడా మెడలు చాచి చూశారు. నేను నేర్చుకోవలసింది ఇంకా ఎంత ఉందో అప్పుడు అర్థమైంది. అయినా బెంగ అనిపించలేదు.

అద్దుడు కాగితం వేయలేదాయన. సిరా తడిగానే ఉండగా పత్రం ఆవిడవైపు తిప్పారు. పిన్నిగారు వంగి, వేలు తగలకుండా పైపైన ఉంచి, మొదటి అక్షరం దగ్గర మొదలుపెట్టారు. పెదవులు కదులుతున్నాయి.

“మంచిగున్నదా?” అని అడిగారు బాబాయిగారు. ఆయన తన రాత గురించి ఎవరినైనా ఆ మాట అడగడం నేను వినడం అదే మొదటిసారి.

ఆవిడ తల ఎత్తలేదు.

“జెర ఆగు. సదువుతున్న.”